గాలి మర

మారోవో మడుగు నడుమ మోటారు
ముందు గొంతు సవరించుకుంది,
తర్వాత దగ్గింది,
ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు.
నలభై గుర్రాల బలమంటారు దాన్ని.
ఒక్క గుర్రమూ లేవలేదు.

పడవలో పదకొండుమందిమి.
ఒకే పసుపుపూల గుడ్డతో కుట్టించుకున్న గౌన్లలో
తొమ్మిదిమంది చర్చి పాటగత్తెలు,
తాడు దగ్గర వగూనీ మామ,
ట్యాంకు దగ్గర నేను.
బటూనాలో కొత్త గంట కట్టే వేళకి వీళ్లు పాడాలి.
ఎండ అప్పటికే నెత్తిన చెయ్యి పెట్టింది.

మామ తాడు లాగాడు, ఏడుసార్లు.
ఎనిమిదోసారి లాగలేదు.
"ఇంకా లాగితే వచ్చేది భుజం నొప్పే.
పెట్రోలు నడిచే దారిలో మనమూ నడుద్దాం" అన్నాడు.
అని, నడక చివరి నుంచి మొదలెట్టాడు.

మోటారు మూత ఎత్తి, ఫిల్టరు గిన్నె విప్పి
ఎండకెత్తి చూపించాడు.
అడుగున నీళ్లు,
పిలవని పేరంటానికి వచ్చినట్టు
పెట్రోలుతో కలవక ఒక మూల ఒదిగి.
"సేగేలో ఆ లిలో డ్రమ్ములు ఆరుబయట పెడతాడు.
వాననీళ్లు కూడా లీటరు లెక్కనే అమ్ముతాడు."
మడుగులో పోయలేదు, ఖాళీ చేపల డబ్బాలోకి ఒంపాడు.
గిన్నెను చొక్కా అంచుతో తుడిచి బిగించాడు.

లాగితే లేచింది! పాటగత్తెలు చప్పట్లు కొట్టారు.
ఒక దీవి మా పక్కనుంచి వెనక్కి జరిగింది.
రెండోది జరగబోయి
ఆగిపోయింది.

"ఒక్క రోగమే అయితే వైద్యుడెందుకు?"
మామ గొట్టాన్ని జానజానకీ తడిమాడు, నాడి చూసినట్టు.
మడత లేదు. పగులు లేదు.
క్లిప్పులు బిగువుగానే ఉన్నాయి.
"నడుమనున్న రబ్బరు బుర్ర ఎలా ఉందే?"
పట్టుకున్నాను.
చప్పరించి పారేసిన మామిడి టెంకలా
రెండు బుగ్గలూ లోపలికి పోయి ఉంది.
"పిసికినకొద్దీ మెత్తగానే ఉంటే గాలి దొంగతనంగా దూరుతోందని.
గట్టిపడితే నిండిందని.
ఇలా బుగ్గలు పీక్కుపోతే?"

జవాబు ఆయన చెప్పలేదు.
తుడిచిందే తుడుస్తూ కూర్చున్నాడు.

పొద్దు పోక వాళ్లు పాట అందుకున్నారు.
రెండో చరణంలో ఒక గొంతు తెగింది.
నోయెలా పెద్దమ్మ కసిరింది,
"గాలి పీల్చకుండా ఎంతసేపు పాడతావే జుడిలిన్!"

నా వేళ్లు చల్లబడ్డాయి.

రాత్రి వాన పడింది.
ట్యాంకులో చుక్క దిగకూడదని
మూత మీది గాలి మర నేనే బిగించాను,
రెండు వేళ్లతో, మహా బుద్ధిమంతురాలిలా.
తెల్లారి మరిచాను.
లోపల పెట్రోలు ఉంది, కావలసినంత.
బయటికి రావాలంటే
అది ఖాళీ చేసిన చోట్లోకి ఏదో ఒకటి వెళ్లాలి కదా,
కనీసం గాలైనా.

గౌను కొంగు అడ్డం పెట్టుకుని తిప్పాను.
ఉస్స్...
తొమ్మిది గొంతుల మధ్య కూడా నాకు వినబడింది.
ట్యాంకు డొక్కలు టక్కున పొంగాయి.
బుర్ర నా అరచేతిలో మెల్లగా గుండ్రమైంది.

మామ తలెత్తలేదు.
చేతిలో గుడ్డ మాత్రం ఒక్క క్షణం ఆగింది.
"బుర్ర గట్టిపడిందా?"
"పడింది."
"అయితే నువ్వే లాగు."
ఆ తాడు అంతవరకూ ఎవరి చేతికీ ఇచ్చిన మనిషి కాదు.

బటూనా చేరేసరికి గంట కట్టేశారు.
పాట కోసం ఆగారో, అన్నం ఉడక్క ఆగారో
మమ్మల్ని చూసి మాత్రం అందరూ లేచారు.

ఆలస్యమేమని అడిగినవాళ్లందరికీ
మామ నీళ్ల సంగతే చెప్పాడు.
లిలో నెలరోజులు మొహం మాడ్చుకుని తిరిగాడు,
తర్వాత డ్రమ్ములకు రేకు కప్పు వేశాడు.
మామ చెప్పింది అబద్ధం కాదు.
సగం.

ఇప్పటికీ రాత్రి వానొస్తే లేస్తాను,
తడుస్తూ వెళ్లి మర బిగిస్తాను.
తెల్లవారేదాకా
ఆ రెండు వేళ్లూ నిద్రపోవు.